పొలమరశెట్టి వారి బాక్టీరియా

చర్ల శేషఫణి గారు చాలా మంచివారని అందరూ అంటారు. పొలమరశెట్టి సన్నిబాబు మాత్రం అనడు. తనకు రావలసిన ఉద్యోగాన్ని శేషఫణి గారు ఏ మేనల్లుడికో, ఏ మంత్రిగారి బావమరిదికో ఇచ్చి ఉంటే, లోకం తీరే అంత అనుకుని, నాలుగు తిట్లు తిట్టుకుని సన్నిబాబు ఊరుకునేవాడు. ఆయన దాన్ని కంటికి కనిపించని పురుగుకి ఇచ్చారు. అదీ సన్నిబాబు సొంత పొలంలో పుట్టిన పురుగుకి. పోనీ దాన్నే తిడదామంటే, ఇద్దరి ఇంటిపేరూ ఒకటే అయి కూర్చుంది.

ఇది ఎలా జరిగిందో మొదట్నుంచీ చెప్పుకోవాలి.

గానుగలపాలెం చెరకు పండించి బెల్లం వండుకునే ఊరు. రాష్ట్ర జీవప్లాస్టిక్ సంస్థ వారు ఆ ఊరి పొలాల్లో ఫ్యాక్టరీ పెడతామన్నారు. మట్టిలో పాతితే మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేస్తారట. భూములిచ్చేవాళ్ళతో మాట్లాడటానికి శేషఫణి గారు స్పెషలాఫీసరు హోదాలో వచ్చి, షామియానా కింద నిలబడి, మైకుని రెండుసార్లు తట్టి, "నిర్వాసిత కుటుంబానికొక ఉద్యోగం! ఇది హామీ కాదు, విధానపరమైన నిబద్ధత!" అని ప్రకటించారు.

సన్నిబాబు ఐదో తరగతిలోనే బడి మానేసినవాడు. నిబద్ధత అంటే ఏమిటో అతనికి తెలియదు. కానీ అంత బరువైన మాటని మోసుకొచ్చిన మనిషి అబద్ధం ఆడడనుకున్నాడు. గానుగతో సహా, బెల్లం పెనం పెట్టే మూలతో సహా పొలం రాసిచ్చేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పని తనకే వస్తుందని తేల్చేసుకుని సంతలో ఒక ఈల కూడా కొన్నాడు.

"ఉజ్జోగం రాకముందే ఈలేటి మావా?" అంది అతని భార్య అప్పలకొండ.

"వొచ్చాక ఊదడం రాకపోతే పరువు పోదేటే?" అన్నాడు సన్నిబాబు.

ఫ్యాక్టరీ లేచింది. పెద్ద పెద్ద స్టీలు టాంకీలు వచ్చాయి. ప్రధాన శాస్త్రవేత్త డాక్టర్ హేమలత గారు ఊరివాళ్ళని పిలిచి, లోపల జరిగేదేమిటో ఓపిగ్గా చెప్పారు. టాంకీలో బాక్టీరియాని వేసి, బెల్లం మడ్డి పోసి పులియబెడతారు. వాటికి తీపి దండిగా పెడతారు గానీ నత్రజని, అంటే మన యూరియాలో ఉండే సత్తువ, అందకుండా చేస్తారు. దాంతో వాటికి కంగారు పుడుతుంది. ముందు ముందు కరువు రాబోతోందనుకుని, తిన్న తీపినంతా కొవ్వులా కడుపులో దాచుకుంటాయి. ఆ దాచుకున్నదే ప్లాస్టిక్. మరింత బాగా దాచుకోవడానికి వాటి జన్యువుల్లో చిన్న మార్పు కూడా చేస్తారు.

"మా అత్త కూడా అంతేనమ్మా. కరువొస్తాదని నెయ్యంతా అటకెక్కించీసేది. మీరేటీ మార్పు సెయ్యక్కర్లేకపోనాది," అంది అప్పలకొండ. అందరూ నవ్వారు. దాచుకున్నదాన్ని కడుపులోంచి బయటికి ఎలా తీస్తారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఫ్యాక్టరీ నడవడానికి మనుషులు ఎనిమిది మంది సరిపోయారు. మిగతాదంతా కంప్యూటర్లే చూసుకుంటాయి. ఆ ఎనిమిది మందీ పట్నం వాళ్ళే. సన్నిబాబుతో పాటు భూములిచ్చిన వాళ్ళంతా గేటు ముందు కూర్చున్నారు. పరిశ్రమల్లో నూటికి డెబ్బై అయిదు ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న నిబంధన ఉండనే ఉంది. ఆ నిబంధనని అమలు చేయడానికి ఒక కమిటీ వేశారు. కమిటీకి అధ్యక్షులు శేషఫణి గారే.

ఆయన వచ్చి, టాంకీల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచి, హేమలత గారిని అడిగారు. "ఇక్కడ వాస్తవిక ఉత్పాదక శ్రమ చేస్తున్నది ఎవరు?"

హేమలత గారికి తన బాక్టీరియా అంటే అభిమానం. "పనంతా బాక్టీరియాదే సార్. మేం ఊరికే చూస్తుంటాం," అన్నారు.

"అంటే మీ ఎనిమిది మందీ పర్యవేక్షక వర్గం. శ్రామిక వర్గం టాంకీలో ఉంది."

"అలా కూడా అనొచ్చు సార్."

"ఏ ఊరివి?"

"ఏవి సార్?"

"శ్రామికులు."

"విదేశం నుంచి గాజు గొట్టంలో తెప్పించాం."

శేషఫణి గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఒక్క స్థానికుడు లేడు! కోట్లాది పోస్టులు! అన్నీ స్థానికేతరులతో భర్తీ చేశారు! ఉత్పత్తి తక్షణం నిలుపుదల చేయండి."

హేమలత గారు బతిమాలారు. ఇవి అరపూటలో ఏడెనిమిది తరాలు పుడతాయని, రేపటికల్లా ఇక్కడే పుట్టి పెరిగినవే మిగులుతాయని చెప్పారు. శేషఫణి గారు ఒప్పుకోలేదు. టాంకీలో పుట్టినంత మాత్రాన స్థానికత సంక్రమించదన్నారు. స్థానికతకి మట్టితో సంబంధం ఉండాలన్నారు. ఈ మాటలు బయట గేటు దాకా చేరగానే సన్నిబాబు ఎగిరి గంతేశాడు. తన తరఫున మాట్లాడే ఆఫీసరు ఇన్నాళ్ళకి దొరికాడనుకుని, జేబులోంచి ఈల తీసి ఒకసారి ఊదాడు కూడా.

కమిటీ ఆదేశం మేరకు స్థానిక బాక్టీరియా కోసం వేట మొదలైంది. హేమలత గారి మనుషులు ఊరంతా తిరిగి మట్టి తవ్వారు. కాలువగట్టు మట్టిలో దొరికింది బద్ధకస్తురాలు. పశువులపాక మట్టిలో దొరికినదానికి తీపి గిట్టలేదు. చివరికి సన్నిబాబు పొలంలో, పెనం పెట్టిన మూల, పాకం మరిగేటప్పుడు తీసిన తెట్టుని వాళ్ళ తాతల నాటి నుంచీ పారబోస్తున్న గోతిలో, అసలైనది దొరికింది. తరాల తరబడి బెల్లం తెట్టు తిని బతికిందేమో, దాచుకోవడంలో దానికి సాటి లేదు. విదేశీదానిలోంచి మంచి జన్యువొకటి తీసి హేమలత గారు దీనిలో అతికించారు. ఆ జన్యువు స్థానికం కాదు కదా అని కమిటీలో ఒకరు అనుమానపడ్డారు. శేషఫణి గారు కాసేపు కళ్ళు మూసుకుని, "అది డిప్యుటేషన్ మీద వచ్చినట్టు పరిగణించండి," అన్నారు.

ఇక స్థానికత సర్టిఫికెట్టు కావాలి. సర్టిఫికెట్టుకి ఇంటిపేరు కావాలి. ఎవరి భూమిలో పుట్టిందో వారి ఇంటిపేరే పెట్టడం న్యాయమని రెవెన్యూ వారు తేల్చారు. అలా పొలమరశెట్టి వారి బాక్టీరియా టాంకీలో చేరింది. గేటు ముందు మేళం వాయించారు. సన్నిబాబుకి కూడా ఒక లడ్డూ ఇచ్చారు.

లడ్డూ తినేసి, చెయ్యి తుడుచుకుని, అతను శేషఫణి గారి గదిలోకి వెళ్ళాడు.

"బాబయ్యా, మరి నా ఉజ్జోగం?"

శేషఫణి గారు చిరునవ్వు నవ్వారు. "సన్నిబాబూ, నువ్వు అదృష్టవంతుడివయ్యా. మేమన్నది ఏమిటి? నిర్వాసిత కుటుంబానికొక ఉద్యోగం. నీ పొలంలో నీ తాతల కాలం నుంచి నివసిస్తూ, ఆ పొలం పోవడం వల్ల నిర్వాసితులైనవారు ఎవరు? వారికే ఉద్యోగం ఇచ్చాం. అది కూడా ఒక్కటి కాదు. ఒక్క చెంచాడు ద్రవంలో మీ ఇంటి వాళ్ళు కోట్ల మంది ఉన్నారు. ఏ కుటుంబానికైనా ఇంతమందికి ఒకేసారి ఇచ్చామా? నిజానికి నీకు కోటా మించిపోయింది."

"ఆళ్ళు నా ఇంటోళ్ళేటి బాబూ? నానెప్పుడూ సూళ్ళేదు!"

"చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు."

"ఆళ్ళు ఓట్లేత్తారేటి? కందులు కొంటారేటి? నా ఇంట్లో పొయ్యి ఎలగెలుగుద్ది బాబూ?"

"ఆ విషయం పౌరసరఫరాల శాఖని అడుగు," అన్నారు శేషఫణి గారు. ఆయన గుండె మెత్తనిది. వెళ్తుంటే ఇంకో లడ్డూ ఇప్పించారు.

ఇంటికి వస్తే అప్పలకొండ ఊరుకుంటుందా? "తెట్టు పారబొయ్యొద్దు, సేలో పారబొయ్యొద్దు, కంపు కొడతందని నెత్తీనోరూ బాదుకున్నాను. ఇన్నావా? ఇప్పుడు సూడు, ఆళ్ళు పెద్దోళ్ళయిపోనారు. నువ్వు ఈల ఊదుకో!" అంది.

ఆ మీదట సన్నిబాబు ఫ్యాక్టరీకి పోగా కాలువ అవతల మిగిలిన చిన్న పొలం చెక్కలో చెరకు వేసుకుంటూ, రోజూ ఒకసారి గేటు దాకా వచ్చి, లోపలున్న తన చుట్టాల కేసి చూసి ఉమ్మేసి వెళ్ళేవాడు.

అయితే లోపలి వాళ్ళ సుఖం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఉద్యోగులన్నాక సంక్షేమం ఉంటుంది కదా. కార్మిక సంక్షేమాధికారి గుడిమెట్ల ప్రభుదాసు గారు తనిఖీకి వచ్చారు. పని ఎలా చేయిస్తున్నారని అడిగారు. హేమలత గారు నిజం చెప్పారు. నత్రజని ఆపితేనే దాచుకుంటాయన్నారు.

ప్రభుదాసు గారు కుర్చీలోంచి లేచారు. "అంటే శ్రామికులను పాక్షిక క్షుద్బాధకు గురిచేసి, భవిష్యత్తు పట్ల భయభ్రాంతులను కల్పించి, అధికోత్పత్తి సాధిస్తున్నారన్న మాట! నేను సర్వీసులో ఉండగా ఇది జరగదు. సంపూర్ణ పౌష్టికాహారం ఇవ్వాలి. భద్రత కల్పించాలి."

సంపూర్ణ పౌష్టికాహారం మొదలైంది. టాంకీలోకి నత్రజని ధారగా పోశారు. పొలమరశెట్టి వారికి కరువు భయం పోయింది. జీతం పక్కా, భోజనం పక్కా అయినప్పుడు ఎవరు మాత్రం ఎందుకు దాచుకుంటారు? అవి తిన్నాయి, పిల్లల్ని కన్నాయి. పిల్లలు తిన్నాయి, వాటి పిల్లల్ని కన్నాయి. అంతకు మించి ఒక్క పని ముట్టుకోలేదు. సిబ్బంది టాంకీల పైకి నురగై పొంగి, మెట్ల మీదుగా పారి, ఎనిమిది మంది పర్యవేక్షకుల బూట్లు తడిపారు. సిబ్బంది వసతి కోసం అదనపు టాంకీలు మంజూరయ్యాయి. ప్లాస్టిక్ మాత్రం చిటికెడు రాలేదు.

"సార్, ఇవి ఇప్పుడు అచ్చంగా ప్రభుత్వోద్యోగులైపోయాయి," అన్నారు హేమలత గారు, ఏడుపు గొంతుతో. శేషఫణి గారు దాన్ని ప్రశంసగా తీసుకుని తలపంకించారు.

కానీ మొదటి క్యారీబ్యాగుని మంత్రిగారి చేతికి అందించే తేదీ దగ్గరికొస్తోంది. కమిటీ మళ్ళీ కూర్చుంది. పస్తు పెట్టకూడదు. పస్తు పెట్టకపోతే పని జరగదు. అప్పుడు శేషఫణి గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ప్రభుదాసు గారూ, పస్తు పెట్టడం నేరం. ఉపవాసం ఉండటం?"

ప్రభుదాసు గారు ఆలోచించారు. "ఉపవాసం శ్రామికుని ఆధ్యాత్మిక హక్కు. మా శాఖ జోక్యం చేసుకోదు."

"ఇవి నూకాలమ్మని కొలిచే ఇంటివి. శనివారాలు ఉపవాసం ఉంటాయి."

"శనివారాలు రాసుకోండి."

"ఏకాదశులు."

"రాసుకోండి. అయితే ఒక మతాన్నే పాటిస్తే పక్షపాతమవుతుంది. ఈస్టరుకి ముందు మా క్రైస్తవుల శ్రమదినాలు నలభయ్యీ కలపండి."

"కలిపాం. రంజాన్ నెల?"

"అది లేకుండా ఎలా?"

సోమవారాలు, కార్తీకం, ధనుర్మాసం, చాతుర్మాస్యం కూడా వరసగా కలిశాయి. అంతా అయ్యాక లెక్క చూస్తే సంవత్సరంలో తినడానికి వీలున్న రోజంటూ మిగల్లేదు. సర్వమత సమానత్వానికి ఈ ఫ్యాక్టరీ ప్రతీక అని శేషఫణి గారు ప్రకటించారు. నత్రజని కట్టేశారు. పొలమరశెట్టి వారికి పాత భయం తిరిగి వచ్చింది. గబగబా దాచుకోవడం మొదలుపెట్టాయి. చక్కటి తెల్లటి ప్లాస్టిక్ తయారైంది. మంత్రిగారు క్యారీబ్యాగు పట్టుకుని ఫొటో దిగారు.

ఆ మర్నాడు సన్నిబాబు అలవాటు ప్రకారం గేటు దగ్గరికి వచ్చాడు. హేమలత గారు కారు దిగుతున్నారు.

"ఏటమ్మా, మావోళ్ళు కులాసాయేనా?" అన్నాడు వెటకారంగా.

"నిన్నటి బ్యాచ్ అయిపోయింది సన్నిబాబూ. ఇవాళ కొత్తది వేస్తున్నాం."

"అయిపోడవంటే?"

"కడుపులో ప్లాస్టిక్ నిండాక వాటిని పగలగొట్టి బయటికి తీసేస్తాం కదా."

"పగలగొట్టడవంటే... సచ్చిపోతారేటి?"

"చచ్చిపోతాయి."

"డూటీలోనే?"

హేమలత గారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మరెక్కడ?" అనేసి లోపలికి వెళ్ళిపోయారు.

సన్నిబాబు ఆగకుండా ఇంటికి పరుగెత్తాడు. "ఓలే అప్పలకొండా! మనోళ్ళు సచ్చిపోనారే!"

అప్పలకొండ చేతిలో చేట కిందపడింది. "ఎవరు మావా? మా అన్నా?"

"మీ అన్న కాదే! ఫేక్టరీలో మనోళ్ళు! డూటీలో సచ్చిపోనారు! మొన్న లైన్‌మేన్ ఈరన్న కరెంటు తగిలి పోతే, ఆడి పెళ్ళానికి ఏటిచ్చారే?"

"ఉజ్జోగం ఇచ్చారు. సచ్చినోడి ఇంట్లో ఒకలికి..." అంటూనే అప్పలకొండ నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత చీరకొంగు నడుముకి బిగించి, జుట్టు విరబోసుకుంది. "పద మావా. ఏడుపు సంగతి నాకొగ్గీ."

ఫ్యాక్టరీ గేటు ముందు ఆ రోజు పడిన ఏడుపులాంటి ఏడుపు ఆ చుట్టుపక్కల పదూళ్ళలో ఎవరూ వినలేదు.

"ఓ నా బాబో! నా నాయినో! మా సేలో పుట్టినావో! తెట్టు తాగి పెరిగినావో! ఒక్కనాడు మీ మొకం సూళ్ళేదురో! శనారం ఉపాసం ఉన్నారో! సోమారం ఉపాసం ఉన్నారో! ఆకలి కడుపు సీల్చీసారో!"

ఆ పక్కన సన్నిబాబు మట్టిలో దొర్లుతూ గుండెలు బాదుకున్నాడు. మొదట నటనగానే మొదలుపెట్టాడు గానీ, పోయిన గానుగా పెనం మూలా గుర్తుకొచ్చి, మధ్యలో నిజంగానే ఏడుపొచ్చింది. ఊరు ఊరంతా చేరింది. కొందరు ఆడవాళ్ళు అలవాటు కొద్దీ శ్రుతి కలిపారు. టీవీ వాళ్ళూ వచ్చారు.

శేషఫణి గారు, ప్రభుదాసు గారు హుటాహుటిన కారులో దిగారు.

"సన్నిబాబూ, ఊరుకో. మృతులు నీకేమవుతారు?" అని శేషఫణి గారు మైకుల ముందు అడిగారు.

"ఏటవడవేటి బాబూ! నా ఇంటి బిడ్డలు! నా రగతం!"

"ఆనాడు నా ఇంటివాళ్ళు కారన్నావు?"

"తెలీక అన్నాను బాబూ! పోనాక కదా తెల్సింది! ఆళ్ళు నావోళ్ళే! ఊరంతా సాచ్చికం! కారున్యం కింద నాకు ఉజ్జోగం ఇప్పించండి!"

"అందరూ విన్నారు కదా? మృతులు తన సొంత కుటుంబీకులేనని కుటుంబ యజమాని స్వయంగా, బహిరంగంగా ధ్రువీకరించారు," అని శేషఫణి గారు గంభీరంగా చెప్పి, కర్చీఫుతో కళ్ళొత్తుకున్నారు. ప్రభుదాసు గారు సన్నిబాబు భుజం తట్టారు. అతనికి ఉద్యోగం వచ్చేసినంత పనైంది. ఆ రాత్రి అప్పలకొండ చేపల పులుసు వండింది.

కమిటీ వారం తిరక్కుండా తీర్పు చెప్పింది. సన్నిబాబుని పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి చదివి వినిపించారు. కారుణ్య నియామకానికి అతని కుటుంబం నిస్సందేహంగా అర్హమైనది. అయితే మృతులకి అతనికంటే దగ్గరి వారసులున్నారు. మృతులు బతికుండగానే కన్న సంతానం, విత్తనం కోసం పక్కన తీసి ఉంచినది, ఫ్రిజ్‌లో క్షేమంగా ఉంది. కాబట్టి నిబంధనల ప్రకారం ఆ ఉద్యోగాలు వారికే ఇచ్చేశారు. వారు డ్యూటీలో కూడా చేరిపోయారు.

"మరి ఆళ్ళు పోతే?" అన్నాడు సన్నిబాబు.

"వారి పిల్లలుంటారు కదయ్యా," అన్నారు శేషఫణి గారు ఎంతో ఓదార్పుగా. "నీ వంశానికి అంతం లేదు."

సన్నిబాబు లేవబోయాడు.

"కూర్చో. ఇంకొక అంశం ఉంది. ప్లాస్టిక్ తీసేశాక మిగిలే పదార్థాన్ని ఎక్కడ పారబోయాలన్నది మాకు మొదట్నుంచీ సమస్యగా ఉంది. కాలుష్య నియంత్రణ వారు ఎక్కడా ఒప్పుకోవడం లేదు. నీ దయ వల్ల అది తీరిపోయింది. అది వ్యర్థం కాదు, పార్థివ దేహాలని నువ్వే తేల్చావు. పార్థివ దేహాలను కుటుంబానికి అప్పగించడం మా ధర్మం. అంత్యక్రియలు చేసుకోవడం నీ హక్కు. నీ హక్కుకి మేం అడ్డురాం."

అతను పొలానికి పరుగెత్తేసరికి మొదటి టాంకరు కాలువ దాటేసింది. గొట్టం విప్పారు. పుల్లటి కంపు కొడుతూ, గోధుమరంగులో, మడ్డిమడ్డిగా పొలమరశెట్టి వారు చెరకు మొక్కల మధ్య పారారు. అప్పలకొండ గట్టు మీద నిలబడి డ్రైవరు మీద మన్నెత్తిపోసింది. డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. శవాలు తెచ్చినప్పుడు అలాగే నిలబడాలని అతనికి ఉత్తర్వులున్నాయి.

"ఓరి బాబూ, ఇయ్యి శవాలు కావు, ఉత్త మడ్డి! నాను అబద్దం సెప్పినాను! రాసుకోండి, నాను అబద్దం సెప్పినాను!" అని సన్నిబాబు అరిచాడు.

"దుఃఖంలో అలాగే అంటారండి," అన్నాడు డ్రైవరు, రెండో గొట్టం విప్పుతూ.

ప్రతి బ్యాచ్ తర్వాతా టాంకరు వస్తూనే ఉంది. నెల తిరిగేసరికి చెరకు కణుపు కణుపూ కుళ్ళి ఒరిగిపోయింది. రెవెన్యూ వారు వచ్చి కొలిచి, ఆ చెక్కని కుటుంబ శ్మశానంగా నమోదు చేసి, శ్మశానం దున్నడానికీ అమ్మడానికీ వీల్లేదని బోర్డు పాతి వెళ్ళారు. ఫ్యాక్టరీ కిందికి సన్నిబాబు భూమి ఎకరా ముప్పై ఏడు సెంట్లు పోయింది. అతని బంధువర్గం కిందికి, నిలువు చెరకుతో సహా, నలభై రెండు సెంట్లు పోయింది. వెరసి ఎకరా డెబ్బై తొమ్మిది సెంట్లు.